బటన్ నొక్కాం, ప్రాజెక్టు ఎందుకు తెరుచుకోలేదు?

"బటన్ నొక్కిన సార్, ప్రాజెక్టు ఓపెన్ అయితలేదు. వీఎస్ కోడ్ తీసేసి మళ్ల ఇన్‌స్టాల్ చేసిన. అయినా గంతే."

ప్రోగ్రామింగ్ కొత్తగా నేర్చుకునేవాళ్లు అడిగే ప్రశ్నల్లో ఇంత చిన్నదిగా కనిపించి, జవాబు కోసం ఇంత లోతుకు దిగాల్సిన ప్రశ్న మరొకటి నాకు కనిపించలేదు. దీన్ని అడిగేవాళ్లు మా ప్రాంతంలో ఎందరో. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ముంబై హైవే మీద పోతుంటే మందుల ఫ్యాక్టరీల గేట్ల నడుమ చదువుల గేట్లు కూడా కనిపిస్తాయి. రుద్రారంలో గీతం, కందిలో ఐఐటీ హైదరాబాద్, సంగారెడ్డి దాటి నాందేడ్ రోడ్డు పట్టుకుంటే సుల్తాన్‌పూర్‌లో జేఎన్‌టీయూ కాలేజీ. కోడ్ రాసేది ఈ కాలేజీల పిల్లలే అనుకోకండి. పాశమైలారం ఫ్యాక్టరీల్లో షిఫ్ట్ దిగివచ్చి రాత్రిపూట పైథాన్ నేర్చుకునే డిప్లొమా కుర్రాళ్లున్నారు. ల్యాబ్ రీడింగులు కలపడానికి సొంతంగా నాలుగు వరసల ప్రోగ్రామ్ రాసుకునే క్వాలిటీ కంట్రోల్ కెమిస్టులున్నారు. వీళ్లలో చాలామంది మొదట ఆగిపోయేది ఆ బటన్ దగ్గరే.

ఆ బటన్ ఒక్కో పనిముట్టులో ఒక్కో రూపంలో ఉంటుంది. ప్రాజెక్టుల కోడ్‌ను దాచి పంచుకునే గిట్‌హబ్ డెస్క్‌టాప్‌లో "ఓపెన్ ఇన్ విజువల్ స్టూడియో కోడ్" అని రాసి ఉంటుంది. ఆటలు తయారుచేసే యూనిటీలో స్క్రిప్ట్ ఫైలు మీద రెండుసార్లు నొక్కాలి. వెబ్ పేజీలు కట్టేవాళ్లకు బ్రౌజర్‌లోనే తప్పు జరిగిన ఫైలు పేరు కనిపిస్తుంది. దాన్ని నొక్కితే ఎడిటర్‌లో, అంటే కోడ్ రాసుకునే ప్రోగ్రామ్‌లో, సరిగ్గా ఆ వరస దగ్గర తెరుచుకోవాలి. రూపం ఏదైనా లోపల జరిగేది ఒకటే. ఒక ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్‌ను పేరు పెట్టి పిలిచి, "ఈ ఫోల్డర్ తెరువు" అంటుంది.

ఈ పిలుపు నాలుగు చోట్ల తప్పిపోవచ్చు. పేరు దొరక్కపోవచ్చు. పేరు ఉన్నా, పిలిచే ప్రోగ్రామ్‌కు ఆ సంగతి తెలియకపోవచ్చు. ఫోల్డర్ చిరునామా మధ్యలో విరిగిపోవచ్చు. అన్నీ సరిగ్గా జరిగి ఎడిటర్ తెరుచుకున్నా, మనం అనుకున్నది తెరుచుకోకపోవచ్చు. తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే బాగయ్యేది వీటిలో మొదటి రకం ఒక్కటే, అదీ కొన్నిసార్లే. మిగతా మూడూ ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేసినా అలాగే ఉంటాయి. కాబట్టి పిలుపు ఎక్కడిదాకా వెళ్లి ఆగిందో చూడటమే అసలు పని.

పేరు పట్టుకుని వెతకడం

విజువల్ స్టూడియో కోడ్‌ను, అంటే వీఎస్ కోడ్‌ను, మైక్రోసాఫ్ట్ 2015 ఏప్రిల్ 29న ప్రకటించింది. జూరిక్‌లో ఎరిక్ గామా నడిపిన బృందం తయారుచేసిన ఉచిత ఎడిటర్ అది. పదేళ్లు తిరక్కుండానే ప్రపంచంలో ఎక్కువమంది వాడే ఎడిటర్ అయింది. 2024లో స్టాక్ ఓవర్‌ఫ్లో వెబ్‌సైట్ జరిపిన ప్రోగ్రామర్ల సర్వేలో నూటికి 73 మందికి పైగా దాన్నే వాడుతున్నామన్నారు. అందుకే ఇతర పనిముట్లు ఎడిటర్ కావాల్సి వస్తే ముందు దాని కోసమే చూస్తాయి. దాని ఆదేశం పేరు "కోడ్". టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే కిటికీలో, ఇంగ్లిష్ అక్షరాలతో కోడ్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, చుక్క పెట్టి ఎంటర్ నొక్కితే మీరున్న ఫోల్డర్ ఎడిటర్‌లో తెరుచుకోవాలి. చుక్క అంటే "ఇప్పుడున్న చోటు" అని అర్థం.

కానీ కోడ్ అనే పేరు చెప్పగానే ఆ ప్రోగ్రామ్ డిస్కులో ఎక్కడుందో కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది? పాశమైలారం పారిశ్రామికవాడకు దూరం నుంచి ముడిసరుకు లారీ వచ్చిందనుకోండి. డ్రైవర్ దగ్గర ప్లాట్ నంబర్ లేదు, కంపెనీ పేరొక్కటే ఉంది. బయల్దేరేటప్పుడు ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసువాళ్లు ఒక చీటీ ఇచ్చారు: ముందు ఈ వీధి చూడు, లేకపోతే ఆ వీధి, ఆ తర్వాత ఫలానా వీధి. డ్రైవర్ ఆ వరసలోనే పోతాడు. ఆ పేరున్న బోర్డు మొదట ఎక్కడ కనిపిస్తే అక్కడే సరుకు దించేస్తాడు. చీటీలో లేని వీధిలోకి తొంగి కూడా చూడడు, కంపెనీ ఆ వీధి మొదట్లోనే ఉన్నా సరే.

కంప్యూటర్ దగ్గరున్న ఆ చీటీ పేరు "పాత్". అది ఫోల్డర్ల జాబితా, అంతే. విండోస్‌లో ఫోల్డర్‌కూ ఫోల్డర్‌కూ మధ్య సెమీకోలన్ ఉంటుంది. మ్యాక్, లినక్స్‌లలో కోలన్ ఉంటుంది. మొదట్లో యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో వెతికే చోట్లు షెల్‌లోనే, అంటే ఆదేశాలు అందుకుని నడిపే ప్రోగ్రామ్‌లోనే, బిగించి ఉండేవి. 1979లో బెల్ ల్యాబ్స్ విడుదల చేసిన యూనిక్స్ ఏడో సంచికలో స్టీఫెన్ బోర్న్ రాసిన కొత్త షెల్‌తోపాటు ఈ జాబితాను ఎవరికి వారు మార్చుకునే వీలు వచ్చింది. 1983లో ఎంఎస్ డాస్ రెండో సంచికతో అదే ఏర్పాటు పర్సనల్ కంప్యూటర్లకూ చేరింది. నలభై ఏళ్లు దాటిన ఈ ఏర్పాటు మీదే ఈనాటి మన బటన్ కూడా ఆధారపడుతోంది.

చీటీలో వీధి లేకపోవడం మ్యాక్‌లో మామూలు. అక్కడ వీఎస్ కోడ్‌ను అప్లికేషన్స్ ఫోల్డర్‌లోకి లాగి పడేసినంత మాత్రాన కోడ్ అనే ఆదేశం పుట్టదు. ఎడిటర్ తెరిచి, కమాండ్ ప్యాలెట్‌లో "షెల్ కమాండ్: ఇన్‌స్టాల్ కోడ్ కమాండ్ ఇన్ పాత్" అనేదాన్ని ఒకసారి నడపాలి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ నుంచే ఎడిటర్‌ను వాడుతుంటే ఇది చేసినా నిలవకపోవచ్చు. డౌన్‌లోడ్ అయిన ప్రోగ్రామ్‌ను భద్రత కోసం మ్యాక్ ఒక తాత్కాలిక చోటి నుంచి నడిపిస్తుంది, ఆదేశం ఆ తాత్కాలిక చోటునే చూపిస్తూ ఉండిపోతుంది. ముందు అప్లికేషన్స్‌లోకి మార్చాలి. విండోస్‌లో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "యాడ్ టు పాత్" అనే గడిలో టిక్ ముందే పెట్టి ఉంటుంది; తీసెయ్యకుండా ఉంటే చాలు.

ఒకే పేరుతో రెండు బోర్డులు ఉండటం ఇంకో చిక్కు. ఇటీవల చాలామంది వాడుతున్న కర్సర్ అనే ఎడిటర్‌ను వీఎస్ కోడ్ మూలం నుంచే తయారుచేశారు. అది తన సొంత పేరుతోపాటు కోడ్ అనే పేరును కూడా తీసుకోగలదు. అప్పుడు వీఎస్ కోడ్‌ను పిలిస్తే కర్సర్ పలుకుతుంది. ఇందులో పాడైందేమీ లేదు. చీటీలో దాని వీధి ముందుంది. విండోస్ మొదట అందరికీ చెందిన వ్యవస్థ జాబితాను, ఆ తర్వాత మీ ఒక్కరి జాబితాను చూస్తుంది. ఎవరి బోర్డు ముందు కనిపిస్తుందో ఈ వరసను బట్టి తెలుసుకోవచ్చు.

దీన్ని కళ్లారా చూసే ఆదేశం ఉంది. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో "వేర్ కోడ్" అని కొడితే ఆ పేరుతో దొరికినవన్నీ, దొరికిన వరసలోనే కనిపిస్తాయి. ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. పవర్‌షెల్‌లో వేర్ అనేది వేరే పనిచేసే ఆదేశానికి మారుపేరు. కాబట్టి అక్కడ అలా కొడితే తప్పు సందేశం కూడా రాదు, ఏమీ కనిపించదు. చూసినవాళ్లు వీఎస్ కోడ్ లేదనుకుని మళ్లీ ఇన్‌స్టాల్ మొదలుపెడతారు. పవర్‌షెల్‌లో "వేర్ డాట్ ఈఎక్స్ఈ కోడ్" అనాలి, లేదా "గెట్ హైఫన్ కమాండ్ కోడ్" అనాలి. మ్యాక్, లినక్స్‌లలో "విచ్ కోడ్".

అన్ని పనిముట్లూ చీటీనే నమ్ముకోవు. గిట్‌హబ్ డెస్క్‌టాప్ విండోస్‌లో రిజిస్ట్రీని, అంటే ఇన్‌స్టాల్ అయిన ప్రోగ్రాములు తమ పేరు రాయించుకునే చిట్టాను చూస్తుంది. మ్యాక్‌లో ప్రతి ప్రోగ్రామ్‌కూ ఉండే గుర్తింపు పేరును అడుగుతుంది. కాలేజీ ల్యాబుల్లో తరచూ వచ్చే చిక్కుకు కారణం ఇక్కడుంది. ల్యాబ్ కంప్యూటర్ మీద అడ్మిన్ హక్కు లేక విద్యార్థి జిప్ రూపంలో ఉన్న వీఎస్ కోడ్‌ను పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంటాడు. ఎడిటర్ చక్కగా నడుస్తుంది. కానీ జిప్ విప్పినంత మాత్రాన చిట్టాలో పేరు ఎక్కదు కదా, గిట్‌హబ్ డెస్క్‌టాప్‌కు అది లేనట్టే లెక్క. నిజానికి అడ్మిన్ హక్కు అవసరం లేని "యూజర్ సెటప్" 2018 నుంచీ ఉంది. అది మీ సొంత ఖాతా కిందే ఇన్‌స్టాల్ అయి, చిట్టాలోనూ చీటీలోనూ పేరు రాయించుకుంటుంది. జిప్ తప్పదనుకుంటే, గిట్‌హబ్ డెస్క్‌టాప్ ఆప్షన్లలోని ఇంటిగ్రేషన్స్ పేజీలో ఎడిటర్ చిరునామాను మీరే చేత్తో ఇవ్వొచ్చు.

బ్రౌజర్‌లో ఫైలు పేరు నొక్కినప్పుడు జరిగే వెతుకులాట ఇంకో తీరు. వెబ్ పేజీలు కట్టడానికి వాడే వ్యూ రూపకర్త ఎవాన్ యూ విడిగా అందించిన "లాంచ్ ఎడిటర్" అనే చిన్న ప్రోగ్రామ్ చాలా వెబ్ పనిముట్లలో ఉంటుంది. ఎడిటర్ పేరు మనం ముందుగా చెప్పకపోతే, ఆ క్షణాన కంప్యూటర్‌లో నడుస్తున్న ప్రోగ్రాముల్లో తనకు తెలిసిన ఎడిటర్ ఏదైనా ఉందా అని అది చూస్తుంది. అందుకే వీఎస్ కోడ్ తెరిచి ఉంటే నొక్కగానే పనిచేస్తుంది, మూసి ఉంటే చెయ్యదు. "ఒకసారి అయితది, ఒకసారి కాదు" అని పిల్లలు తలపట్టుకునే సందర్భాల్లో కొన్నిటికి వివరణ ఇదే.

ఇంకొక్క సంగతి చెప్పి ముందుకు పోతాను. విండోస్‌లో కోడ్ అనేది నిజానికి పూర్తి ప్రోగ్రామ్ కాదు. అసలు ఎడిటర్‌ను పిలిచే చిన్న బ్యాచ్ ఫైలు. మనం టెర్మినల్‌లో కొట్టినప్పుడు టెర్మినల్ దాన్ని అర్థం చేసుకుని నడిపిస్తుంది. కానీ ఒక ప్రోగ్రామ్ నేరుగా విండోస్‌ను "కోడ్ నడుపు" అంటే, విండోస్ ఈఎక్స్ఈ ఫైలు కోసమే చూసి లేదంటుంది. పైగా బ్యాచ్ ఫైళ్ల ద్వారా దాడిచేసే వీలుందని తేలడంతో 2024 ఏప్రిల్‌లో, జావాస్క్రిప్ట్ ప్రోగ్రాములను నడిపే నోడ్ జేఎస్ వాటిని నేరుగా నడపడాన్ని ఆపేసింది. అంతవరకు పనిచేసిన కొన్ని పనిముట్లు నోడ్ కొత్త సంచిక వేసుకున్నాక ఎడిటర్‌ను తెరవడం మానేశాయి. టెర్మినల్‌లో చేత్తో కొడితే తెరుచుకుని, బటన్‌తో తెరుచుకోకపోతే తప్పు చాలాసార్లు మీ ఇన్‌స్టాలేషన్‌ది కాదు. ఆ పనిముట్టు కొత్త సంచిక వచ్చిందేమో చూడండి.

పాత చీటీతో తిరిగే ప్రోగ్రాములు

పాత్‌ను సరిచేశారు. సెట్టింగుల్లో చూస్తే కొత్త ఫోల్డర్ కనిపిస్తోంది. అయినా బటన్ పలకదు. ఎందుకు?

ఆఫీసులో చీటీ మార్చినంత మాత్రాన అప్పటికే రోడ్డెక్కిన డ్రైవర్ జేబులోని చీటీ మారదు. ప్రతి ప్రోగ్రామూ మొదలయ్యే క్షణంలో తనను పిలిచిన ప్రోగ్రామ్ నుంచి ఈ జాబితాకు ఒక నకలు తీసుకుంటుంది. తర్వాత అసలు మారినా, నకలు మారదు. అందుకే పాత్ మార్చాక టెర్మినల్ మూసి తెరవాలి. ఆ టెర్మినల్ ఎడిటర్ లోపలే ఉంటే టెర్మినల్ ఒక్కటే మూస్తే చాలదు. అది నకలు తీసుకునేది ఎడిటర్ నుంచి; ఎడిటర్ దగ్గరున్నదే పాతది. ఎడిటర్‌ను పూర్తిగా మూయాలి. ఇదంతా ఎందుకనుకుంటే కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తే అందరికీ కొత్త నకళ్లు అందుతాయి. "రీస్టార్ట్ చేస్తే అదే బాగవుతుంది" అని పెద్దలు చెప్పే మాటలో ఈ సందర్భంలో నిజమైన కారణం ఉంది.

మ్యాక్‌లో ఇదే చిక్కు ఇంకో రూపంలో వస్తుంది, నా దృష్టిలో ఎక్కువమందిని ఏమార్చేది అదే. టెర్మినల్ తెరిచినప్పుడు షెల్ మీ సెట్టింగుల ఫైలు చదివి పొడవాటి జాబితా తయారుచేసుకుంటుంది. డాక్ మీద బొమ్మ నొక్కి తెరిచిన ప్రోగ్రామ్ ఆ ఫైలు చదవదు. దానికి వ్యవస్థ ఇచ్చే పొట్టి జాబితాలో నాలుగే ఫోల్డర్లు ఉంటాయి, కోడ్ ఆదేశం మామూలుగా ఉండే "యూఎస్ఆర్ లోకల్ బిన్" వాటిలో లేదు. ఫలితం: టెర్మినల్‌లో కోడ్ పనిచేస్తుంది, డాక్ నుంచి తెరిచిన పనిముట్టుకు మాత్రం అది కనిపించదు. అనుమానం తీర్చుకోవాలంటే ఆ పనిముట్టును ఒకసారి టెర్మినల్ నుంచే మొదలుపెట్టి చూడండి. అప్పుడు బటన్ పనిచేస్తే కారణం దొరికినట్టే. చాలా పనిముట్ల సెట్టింగుల్లో ఎడిటర్ పేరుకు బదులు పూర్తి చిరునామా ఇచ్చే చోటు ఉంటుంది. అది ఇస్తే చీటీతో పనే లేదు.

విండోస్‌లో పాత్ మార్చేవాళ్లకు ఒక గట్టి హెచ్చరిక. "సెట్ఎక్స్" అనే ఆదేశంతో పాత్‌కు కొత్త ఫోల్డర్ తగిలించమని చెప్పే సలహాలు చాలాచోట్ల కనిపిస్తాయి. ఆ ఆదేశం 1024 అక్షరాలు దాటినదాన్ని కత్తిరించేస్తుంది. జావా, పైథాన్, నోడ్, గిట్ అన్నీ ఉన్న విద్యార్థి కంప్యూటర్‌లో జాబితా ఆ హద్దును తేలిగ్గా దాటుతుంది. ఎడిటర్ కోసం మొదలుపెట్టిన మరమ్మతు పైథాన్‌నూ జావానూ కూడా మాయం చేస్తుంది. సెట్టింగుల్లో "ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్" అని వెతికి, అక్కడి జాబితాలో చేత్తో వరస చేర్చండి. ఇంకే దారీ వద్దు.

చిరునామా విరిగితే

ఎడిటర్ తెరుచుకుంది. కానీ ప్రాజెక్టుకు బదులు రెండు ఖాళీ ట్యాబులు వచ్చాయి. ఒకదాని పేరు సాయి, రెండోదాని పేరు ప్రాజెక్ట్. ఇలా జరిగితే సంతోషించాలి, ఎందుకంటే తప్పు తన పేరు తానే చెబుతోంది.

సాయి కిరణ్ అనే విద్యార్థి కంప్యూటర్‌లో ఖాతా తెరిచేటప్పుడు పేరు మధ్య ఖాళీతో రాశాడనుకుందాం. అతని ప్రాజెక్టు చిరునామా "సీ:\యూజర్స్\సాయి కిరణ్\ప్రాజెక్ట్" అవుతుంది. ఆదేశాల్లో ఖాళీ అంటే ఒక మాట అయిపోయి ఇంకో మాట మొదలైందని గుర్తు. చిరునామా చుట్టూ కొటేషన్ గుర్తులు పెట్టడం పనిముట్టు మరిచిపోతే, ఎడిటర్‌కు రెండు చిరునామాలు అందుతాయి: "సీ:\యూజర్స్\సాయి" ఒకటి, "కిరణ్\ప్రాజెక్ట్" ఇంకొకటి. రెండూ లేవు. లేని ఫైలు తెరవమంటే వీఎస్ కోడ్ తప్పని చెప్పదు, ఆ పేరుతో కొత్త ఖాళీ ఫైలు చూపిస్తుంది. మన పేర్లలో రెండు మూడు ముక్కలు ఉండటం మామూలు కాబట్టి ఈ చిక్కు మనకు ఎక్కువ. కొత్త కంప్యూటర్‌లో ఖాతా తెరిచేటప్పుడే ఇంగ్లిష్ అక్షరాల్లో, ఖాళీ లేకుండా ఒక్క మాటలో పేరు పెట్టుకోవడం మంచిది. ఖాతా ఫోల్డర్ పేరు తర్వాత మార్చడం పెద్ద తలనొప్పి. ఇప్పటికే ఉన్నవాళ్లు ప్రాజెక్టులన్నీ డిస్కు మొదట్లోనే ఒక పొట్టి పేరున్న ఫోల్డర్‌లో పెట్టుకుంటే సరిపోతుంది.

మందుల కంపెనీలున్న ఈ ప్రాంతంలో ఇంకో పేరు ఎక్కువగా కనిపిస్తుంది: ఆర్&డీ. కంపెనీ షేర్డ్ డ్రైవ్‌లో ఆ పేరుతో ఫోల్డర్ ఉండటం సహజమే. విండోస్ ఆ పేరును ఒప్పుకుంటుంది కూడా. కానీ కమాండ్ ప్రాంప్ట్‌కు & గుర్తు అంటే "ఇక్కడితో ఒక ఆదేశం పూర్తి, తర్వాతిది వేరే ఆదేశం" అని అర్థం. వీఎస్ కోడ్ ఆదేశం బ్యాచ్ ఫైలు అని ఇందాక చెప్పుకున్నాం. బ్యాచ్ ఫైలుకు అందేవన్నీ కమాండ్ ప్రాంప్ట్ చేతుల మీదుగానే పోతాయి. కొటేషన్ సరిగ్గా లేకపోతే ఆర్ దాకా ఒక ఆదేశం, డీ నుంచి ఇంకో ఆదేశం అవుతాయి. "డీ అనే ఆదేశం నాకు తెలియదు" అనే అర్థమొచ్చే వింత సందేశం వస్తే, ఎడిటర్ సంగతి వదిలి ఫోల్డర్ పేరు చూడండి. నోడ్‌తోపాటు వచ్చే ఎన్‌పీఎంతో నడిచే ప్రాజెక్టులు కూడా ఇలాంటి ఫోల్డర్‌లో ఇదే మాటతో ఆగిపోతాయి.

ఫోల్డర్‌కు తెలుగు పేరు పెట్టొచ్చా? పెట్టొచ్చు, అది మన హక్కు. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి సంచిక నుంచీ తెలుగుకు చోటుంది, వీఎస్ కోడ్‌కు తెలుగు పేర్లతో ఇబ్బంది లేదు. ఇబ్బంది మధ్యలో ఉండే పాత పనిముట్లతో. విండోస్‌లో యూనికోడ్ రాకముందు ఒక్కో లిపికి ఒక్కో "కోడ్ పేజీ" ఉండేది. పాత ప్రోగ్రాములు వాడుకోగల అలాంటి కోడ్ పేజీ తెలుగుకు లేదు. పాత పద్ధతిలో రాసిన ప్రోగ్రామ్ చేతికి తెలుగు పేరు అందితే ప్రతి గుర్తూ ఒక ప్రశ్నార్థకంగా మారిపోతుంది. విండోస్ ఫైలు పేర్లలో ప్రశ్నార్థకం నిషేధం. అలా మారిన చిరునామా ఎక్కడా ఉండే వీలే లేదు, అందుకే "ఫోల్డర్ దొరకలేదు" అంటుంది. లినక్స్‌లో హద్దు వేరు. ఒక పేరు 255 బైట్లు మించకూడదు. యూటీఎఫ్ 8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు పడతాయి. "తెలుగు" అన్న మాటలో హల్లులు, గుణింతపు గుర్తులు కలిపి 6, కాబట్టి 18 బైట్లు. ఈ లెక్కన ఒక పేరులో 85 గుర్తులు పడతాయి, మామూలు అవసరాలకు అది ధారాళం. వ్యాసాలూ ఫొటోలూ ఉన్న ఫోల్డర్లకు తెలుగు పేర్లు పెట్టండి. పది పనిముట్లు ముట్టుకునే ప్రాజెక్టు ఫోల్డర్‌కు మాత్రం, ఆ పది పనిముట్లూ మారేదాకా ఇంగ్లిష్ అక్షరాలే క్షేమం.

విండోస్‌లో మొత్తం చిరునామా పొడవుకు 260 అక్షరాల పాత హద్దు ఒకటుంది. 2016 నుంచి దాన్ని ఎత్తేసుకునే వీలు ఉన్నా, మామూలుగా అది ముందే ఎత్తేసి ఉండదు. ఫోల్డర్‌లో ఫోల్డర్, అందులో ఇంకో ఫోల్డర్‌గా పేర్చుకుంటూ పోతే అది తగులుతుంది.

తెరుచుకున్నా తెరుచుకోనట్టే

నాలుగో రకానికి వద్దాం. గిట్‌హబ్ నుంచి జిప్ దించుకుని విండోస్‌లో "ఎక్స్‌ట్రాక్ట్ ఆల్" నొక్కితే, జిప్ పేరుతో ఒక ఫోల్డర్ వచ్చి, దాని లోపల అదే పేరుతో ఇంకో ఫోల్డర్ ఉంటుంది. చాలామంది బయటిది తెరుస్తారు. వీఎస్ కోడ్ ప్రాజెక్టు సెట్టింగులను తెరిచిన ఫోల్డర్ మొదట్లోనే వెతుకుతుంది, లోపలి ఫోల్డర్‌లో ఉన్నవాటిని పట్టించుకోదు. ఫైళ్లన్నీ కనిపిస్తాయి, రన్ మాత్రం కాదు. ఎడమ పక్క జాబితాలో పైన ఒకే ఒక్క ఫోల్డర్ కనిపిస్తే, దాన్నే విడిగా తెరవండి.

ఎడిటర్‌ను ఒకసారి "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" అని తెరిచి ఉంచితే ఇంకో చిక్కు. వీఎస్ కోడ్ ప్రతి పిలుపుకూ కొత్తగా మొదలవదు. ముందే నడుస్తున్న తన ప్రతికి ఫోల్డర్ చిరునామా అందించి, పిలుపు తీసుకున్న ప్రోగ్రామ్ తప్పుకుంటుంది. నడుస్తున్నది అడ్మిన్ హక్కులతో ఉంటే మామూలు హక్కులున్నది దానితో మాట్లాడలేదు. అడ్మిన్‌గా తెరిచినదాన్ని మూసెయ్యడమే పరిష్కారం. రోజువారీ పనికి అడ్మిన్‌గా తెరవాల్సిన అవసరమే లేదు.

ఈ అందించి తప్పుకునే పద్ధతి వల్లనే, కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్ వాడేవాళ్లకు "సందేశం ఖాళీగా ఉంది, కమిట్ ఆపేస్తున్నా" అని వస్తుంది. గిట్ ఎడిటర్‌ను పిలుస్తుంది, పిలిచిన ఆదేశం వెంటనే ముగుస్తుంది, రాయడం అయిపోయిందని గిట్ అనుకుంటుంది. గిట్ సెట్టింగులో ఎడిటర్ పేరు పక్కన "హైఫన్ హైఫన్ వెయిట్" అని చేర్చితే ట్యాబ్ మూసేదాకా ఆగుతుంది.

ఇక "ఈ ఫైళ్లు రాసినవాళ్లను నమ్ముతున్నారా?" అనే ప్రశ్న. 2021 మే సంచికతో వీఎస్ కోడ్‌లోకి వచ్చింది. నమ్మడం లేదని జవాబిస్తే ప్రాజెక్టు పరిమిత స్థితిలో తెరుచుకుంటుంది: చదవొచ్చు, దిద్దొచ్చు, కానీ రన్, డీబగ్, కొన్ని ఎక్స్‌టెన్షన్లు పనిచెయ్యవు. ఇది చెడిపోవడం కాదు, కాపలా. చికాకుతో ఎప్పుడూ అవుననే నొక్కే అలవాటు మాత్రం ప్రమాదం. 2023 నవంబరులో పాలో ఆల్టో నెట్‌వర్క్స్‌కు చెందిన యూనిట్ 42 పరిశోధకులు ఒక మోసాన్ని బయటపెట్టారు. ఉద్యోగం ఇస్తామని డెవలపర్లను పిలిచి, ఇంటర్వ్యూలో భాగమంటూ ఒక ప్రాజెక్టు ఇచ్చి, దాన్ని నడపగానే కంప్యూటర్‌లోకి దొంగ ప్రోగ్రామ్ దిగేలా చేస్తారు. ఉద్యోగాల కోసం ఎదురుచూసే మన పిల్లలకు ఇది దూరపు వార్త కాదు. తెలియనివాళ్లు పంపిన ప్రాజెక్టును మొదట పరిమిత స్థితిలోనే తెరిచి చదవండి.

ల్యాబ్ కంప్యూటర్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో ఉన్న ప్రాజెక్టు తెరిస్తే గిట్ చరిత్ర మాయమైనట్టు కనిపించడానికి కూడా కాపలాయే కారణం. 2022 ఏప్రిల్ నుంచి గిట్, ఫోల్డర్ యజమాని వేరొకరైతే పనిచెయ్యనంటుంది. అది మీదేనని తెలిస్తే ఆ ఒక్క ఫోల్డర్‌ను "సేఫ్ డైరెక్టరీ" జాబితాలో చేర్చండి. అన్ని ఫోల్డర్లనూ ఒకేసారి అనుమతించే చిట్కా ఎవరైనా చెబితే వినొద్దు.

ఎక్కడ మొదలుపెట్టాలి

బటన్ పలకనప్పుడు మొదట బటన్‌ను పక్కన పెట్టి అదే పని చేత్తో చెయ్యండి. కొత్త టెర్మినల్ తెరిచి, ప్రాజెక్టు ఫోల్డర్‌లోకి పోయి, కోడ్, ఖాళీ, చుక్క. ఇది ఒక్కటే సగం జవాబు చెబుతుంది. చేత్తోనూ కాకపోతే చిక్కు పేరు దగ్గరో చీటీ దగ్గరో ఉంది; వేర్ లేదా విచ్‌తో చూడండి. చేత్తో అయ్యి బటన్‌తో కాకపోతే ఎడిటర్‌లో లోపం లేదు. పనిముట్టు దగ్గర పాత చీటీ ఉందేమో, రిజిస్ట్రీలో పేరు లేదేమో, లేక చిరునామాను అది విరగ్గొడుతోందేమో చూడాలి. ఖాళీలూ గుర్తులూ లేని చిన్న ఫోల్డర్ ఒకటి కొత్తగా చేసి దానిమీద బటన్ నొక్కితే చిరునామా సంగతి అప్పటికప్పుడు తేలిపోతుంది. ఎడిటర్ తెరుచుకుని లోపల పని జరగకపోతే, "హైఫన్ హైఫన్ డిజేబుల్ హైఫన్ ఎక్స్‌టెన్షన్స్" అని చేర్చి తెరవండి. ఏదైనా ఎక్స్‌టెన్షన్ అడ్డుపడుతుంటే బయటపడుతుంది. ఒక్కసారికి ఒక్క మార్పే చెయ్యండి. మూడు మార్పులు కలిపి చేస్తే బాగయినా ఏది బాగుచేసిందో తెలియదు.

అప్పటికీ దొరక్కపోతే ఎవరినైనా అడగాల్సిందే. అడిగేటప్పుడు "పనిచేస్తలేదు" అని ఆపొద్దు. ఏ ఆపరేటింగ్ సిస్టమ్, ఎడిటర్‌ను ఎక్కడి నుంచి ఏ రూపంలో వేసుకున్నారు, వేర్ ఆదేశం ఏం చూపించింది, ఫోల్డర్ పూర్తి చిరునామా ఏమిటి, చేత్తో చేస్తే ఏమైంది, తెరమీద వచ్చిన సందేశం అక్షరం పొల్లుపోకుండా ఏమిటి: ఇవి రాసి పంపండి. ఇవన్నీ రాస్తుండగానే జవాబు దొరికినవాళ్లు చాలామంది.

ల్యాబులు చూసుకునే ఉపాధ్యాయులకు ఒక మనవి. సెమిస్టర్ మొదటి వారంలోనే ఒక్క పీరియడ్ దీనికి ఇవ్వండి. పాత్ అంటే ఏమిటో చూపించండి, ఖాళీ ఉన్న పేరుతో ఫోల్డర్ చేయించి అది విరగడం చూపించండి, ల్యాబ్ కంప్యూటర్లలో ఎడిటర్‌ను జిప్ నుంచి కాకుండా ఇన్‌స్టాలర్‌తో వేయించండి. సిలబస్‌లో లేదని వదిలెయ్యకండి. ఈ సంగతి చెప్పేవాళ్లు లేక మొదటి నెలలోనే "ఇది మన వల్ల కాదు" అనుకుని పక్కకు తప్పుకునే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.